వసతిగృహముల తారతమ్యము

హైస్కూలు చదువు ముగించి కళాశాలలయందు ప్రవేశింపబోవు విద్యార్థులకు ప్రతి సంవత్సరమును రెండు ప్రశ్నలెదురగుచున్నవి. ఏ కళాశాలలో చేరవలెననునది మొదటిది. ఎచ్చట నివసింపవలెననునది రెండవది. మొదటి ప్రశ్నను గూర్చి ఉపాధ్యాయులు, బంధువులు, పత్రికలవారు నెలల తరబడి చర్చింతురు. రెండవదానిని తలిదండ్రులు ఒక్క పూటలో తేల్చివేయుదురు. కాని దినమునందలి యిరువదినాలుగు గంటలలో విద్యార్థి తరగతియందు గడపునవి ఆరేడు గంటలు మాత్రమే. తక్కిన పదునేడు గంటలును వాడు నిద్రించుట, భుజించుట, చదువుట, స్నేహితులతో మాటలాడుట, ఇల్లు తలచుకొని దిగులుపడుట యన్నియు వసతియందే. మొదటి సంవత్సరము దక్కుటయు తప్పుటయు చాలవరకు ఆ పదునేడు గంటలలోనే నిర్ణయమగునని మా యభిప్రాయము. కావున నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల విద్యార్థులకు లభించు వసతులెట్టివో, వానిలో నేది యెవరికి తగునో యిచట తెలుపబూనితిమి.

పూర్వము చదువుకొరకు ఊరు విడిచిన పేదబాలుడు వారములు చెప్పుకొని భుజించెడివాడు. సోమవారమొక యింట, మంగళవారము వేరొక యింట అన్నము తిని, రాత్రి యే సత్రపుటరుగు మీదనో పరుండెడివాడు. అన్నము పెట్టినవారి పుణ్యము గొప్పదే. అయినను ఆ యేర్పాటు కులమును బట్టి కొందరికే లభించెను, పెక్కుమందికి లభింపలేదు. ఆడుపిల్లల మాట చెప్పనే యక్కరలేదు. ఈ కొరతను తీర్చుటకే హాస్టళ్లు ముఖ్యముగా పుట్టినవి. హైదరాబాదునందు 1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. మద్రాసు క్రైస్తవ కళాశాల 1937లో తాంబరమునకు మారినప్పుడు అచ్చట సేలయూరు, సెయింట్ తామస్, బిషప్ హీబర్ అను మూడు హాళ్లేర్పడెను. ప్రతి హాలునకును వేరు వార్డెను, వేరు భోజనశాల. హాస్టలనగా పరుండు చోటు మాత్రమే కాదు, ఒక కుటుంబము వంటిదను భావన దానియందు గలదు. మనకు సమీపమున కర్నూలులో 1972లో స్థాపింపబడిన సిల్వర్ జూబిలీ కళాశాలయు విద్యార్థులు ఆవరణయందే వసించి చదువుకొనుటకై యేర్పడినదే.

ఇక మన ప్రాంతమును చూతము. నంద్యాల 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లా కేంద్రమయ్యెను. ఇచట ప్రభుత్వ డిగ్రీ కళాశాల, పాలిటెక్నిక్, 1995లో స్థాపితమైన రాజీవ్ గాంధీ స్మారక ఇంజనీరింగు కళాశాల, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల గలవు. సమీపమున మహానందియందు 1991 నుండి వ్యవసాయ కళాశాల గలదు. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరము, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలముల పిల్లలలో పెక్కుమందికి పెద్దచదువనగా నంద్యాలయే. వారికి నాలుగు మార్గములున్నవి.

మొదటిది ఇంటినుండియే దినదినము బస్సులో పోయివచ్చుట. ఆళ్లగడ్డకు నంద్యాల సుమారు నలువది కిలోమీటర్లు. నంద్యాల ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము 2016లో తెరువబడినను, అది కోవెలకుంట్ల మీదుగా పోవునదే గాని ఆళ్లగడ్డను తాకదు. కావున బస్సే శరణ్యము. ఆర్టీసీవారి విద్యార్థి పాసు వలన ఖర్చు తక్కువ. అమ్మ చేతి యన్నము దొరకును. కాని నిలుచుటతో కలిపి దినమునకు మూడు గంటలు దారిలో పోవుననుకొందము. కళాశాల యేడాదికి రెండువందల దినములు జరిగినచో అది 600 గంటలు. దినమునకు ఆరుగంటలు చదువువానికి అది నూరు దినముల చదువు. శిరివెళ్ల వానికి దారి సగమే గనుక ఈ మార్గము తగవచ్చును. చాగలమర్రి వాడు మాత్రము పాసు వెల చూచి మోసపోరాదు.

రెండవది ప్రభుత్వ సంక్షేమ వసతిగృహము. ఇచట భోజనమునకును వసతికిని రుసుము లేదు. పొలము మీద అప్పు దీర్పలేని తండ్రికి ఇంతకంటె మేలైన సహాయము వేరొకటి కానరాదు. అయితే సీట్లు పరిమితములు. కుల, ఆదాయ ధ్రువపత్రములు ముందుగా సిద్ధపరచుకొననివాడు చేతికందిన దానిని జారవిడుచును. పరీక్షాఫలితములు వెలువడిన దినముననే సచివాలయమునకు పోయి పత్రములకు దరఖాస్తు పెట్టవలెను. కొన్ని చోట్ల గదులిరుకై యుండును; కొన్ని కళాశాలకు దూరముగా నుండును. ఈ లోపములు గలవని దానిని తేలికగా చూచుట తగదు. సాయంకాలము కళాశాల గ్రంథాలయమున కూర్చుండి చదువుకొని, రాత్రికి వసతికి చేరుకొనువానికి ఈ లోపములు పెద్దగా బాధింపవు.

మూడవది కళాశాలవారి సొంత హాస్టలు. తరగతికి నడచిపోవచ్చును, గ్రంథాలయము, ఆటస్థలము దగ్గరనుండును, వార్డెను కళాశాలకు జవాబుదారి. ఇంజనీరింగు, వైద్య, వ్యవసాయ విద్యలకు ప్రయోగశాలల పని యెక్కువ గనుక ఇదియే మేలు. దీని లోపము వ్యయము. ఫీజు చీటిలో గదియద్దె మాత్రమే చూచి సంతసింపరాదు. డిపాజిట్టు, భోజనవ్యయము, విద్యుచ్ఛక్తి ఖర్చు వేరువేరుగా నుండును. అన్నిటిని కలిపి పది నెలలకు లెక్కవేసి, ఆ మొత్తమును తండ్రికి మొదటి దినముననే చెప్పవలెను. నడుమ డబ్బు చాలక చదువు మానుటకంటె ముందే తెలిసి వేరు మార్గము చూచుకొనుట మేలు.

నాలుగవది పట్టణములోని ప్రైవేటు హాస్టలు, లేక నలుగురు కలిసి తీసికొను అద్దెగది. స్వేచ్ఛ యెక్కువ, చేరుట సులభము, నచ్చనిచో విడుచుటయు సులభము. కాని రాత్రి పదిగంటలకు వాడింటికి చేరెనా లేదా యని యడుగువారుండరు. జ్వరము వచ్చినచో కషాయము కాచి యిచ్చువారుండరు. రెండు మూడు సంవత్సరములు వేరుచోట నుండి నడవడి కుదిరిన తరువాత ఇది తగును. పదునాఱేండ్ల వానికి మొదటి సంవత్సరముననే తగదని మా నమ్మకము.

భోజనపు లెక్కను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. కొన్ని హాస్టళ్లలో నెలకింతయని స్థిరమైన రేటుండును. కొన్నింట ఆ నెల సరకుల ఖర్చును విద్యార్థులు భుజించిన దినములతో భాగింతురు. దీనినే డివైడింగు మెస్సందురు. ఉదాహరణమునకు, ఏబదిమంది గల హాస్టలులో ఒక నెల 98,000 రూపాయల ఖర్చయి, అందరి హాజరు దినములు కలిపి 1,400 అయ్యెననుకొందము. దినమునకు 70 రూపాయలు పడును. ముప్పది దినములు తిన్నవాడు 2,100, ఇరువదినాలుగు దినములు తిన్నవాడు 1,680 చెల్లించును. స్థిరమైన రేటున వడ్డింపనిదెల్ల నడుపువానికి లాభము. భాగించు పద్ధతిలో పారవేసిన యన్నమెల్ల విద్యార్థులకే నష్టము. రెండవ పద్ధతిలో విద్యార్థులే వంతులవారీగా అంగడికి పోయి సరకులు తెచ్చి లెక్క వ్రాయుచోట మోసము తక్కువ. అంతేకాక, బియ్యపు మూట ధర యెరుగని పిల్లవాడు దానినచ్చట నేర్చుకొనును. చదువులో ఇదియు నొక భాగమే.

హాస్టలును చూడబోవువారు సాధారణముగా ఉదయము పదునొకండు గంటలకు పోవుదురు. అప్పుడు గదులు ఖాళీ, వరండాలు శుభ్రము. రాత్రి తొమ్మిది గంటలకు పోయి చూడవలెను. దీపముల క్రింద పుస్తకములున్నవో, పేకముక్కలున్నవో, సెల్‌ఫోనుల వెలుగే యున్నదో తెలియును. నీటిని గూర్చి జూలైలో అడుగరాదు, అప్పుడందరికిని నీళ్లుండును. ఏప్రిలులో ఏమి జరిగెనని అడుగవలెను. మన ప్రాంతపు టెండలలో పరీక్షల దినములును నీటికరవు దినములును ఒకటేయగుచున్నవి. ఈ ప్రశ్న వార్డెనును గాక, అచ్చట రెండవ సంవత్సరము చదువు విద్యార్థినడుగవలెను. మరుగుదొడ్లు చూచిన గాని డబ్బు కట్టరాదు. బాలికల విషయమున తలుపులు, గడియలు, ప్రహరీ, వీథిదీపములు, బస్సు దిగినచోటినుండి హాస్టలు వఱకు గల దారియు చూడవలెను. పల్లెటూళ్లలో పెక్కుచోట్ల ఆడుపిల్ల చదువు సాగుటయు ఆగుటయు ఆ కొలది దూరము మీదనే యాధారపడియున్నది.

క్రొత్తవారిని వేధించు దురాచారమును గూర్చి భయపడువారు కలరు. ర్యాగింగు నేరమని మన రాష్ట్రమున 1997లోనే శాసనము వెలువడెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు చేసిన నిబంధనల ప్రకారము, ఉన్నతవిద్యాసంస్థలు క్రొత్తవారికి వీలైనంతవఱకు వేరు భాగమున వసతి కల్పింపవలెను. విద్యార్థియు తలిదండ్రులును ప్రమాణపత్రము వ్రాసి యీయవలెను. 1800-180-5522 అను సంఖ్యకు ఖర్చు లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. నోరుమూసికొని సహించుట ధైర్యము కాదు; చెప్పుటయే ధైర్యము.

ఇన్నియు చూచి చేరినను, మొదటి నలువది దినములు ఏ వసతియైనను చెడ్డదిగానే తోచును. అన్నము రుచింపదు, నిద్ర పట్టదు, ఊరి బస్సు కనబడినచో ఎక్కవలెననిపించును. దసరా సెలవులకు పెట్టెతో ఇంటికి వచ్చి మరల పోనివారు ప్రతి యూరనున్నారు. వారిలో పెక్కుమందికి తెలివి తక్కువై కాదు. తగని చోట చేరుట వలన గాని, తగిన చోట నిలిచి చూడకపోవుట వలన గాని చదువు పోయెను. కావున చేరునప్పుడే ఆ నలువది దినములు గడచువరకు చదువు మానుటను గూర్చి తలపెట్టనని నిశ్చయించుకొనవలెను. అటుపిమ్మట లోపము చోటులో ఉన్నదో, దిగులులో ఉన్నదో తెలియును. చోటులో ఉన్నచో హాస్టలు మార్చుకొనవలెను గాని చదువు మానరాదు. ప్రాణమునకు, మానమునకు అపాయము కలిగినప్పుడు మాత్రము నలువది దినములు కాదు, నాలుగు గంటలును ఆగరాదు. వెంటనే ఇంటికి తెలుపవలెను.

పేదవాడు సంక్షేమ గృహమును సంకోచింపక కోరుకొనవలెను. ప్రయోగశాలల చదువువాడు, శక్తియున్నచో కళాశాల హాస్టలులో చేరవలెను. దగ్గరివాడు బస్సును నమ్మవచ్చును. ఎవరికేది తగినను, కట్టడపు టందమును కాక, రాత్రి తొమ్మిది గంటల దీపమును చూచి యెన్నుకొనవలెను.