ప్లేట్ చిల్లరు - దాని భాగాలు, పనితీరు

శీతలీకరణ కేంద్రం చూడవచ్చిన సంఘ సభ్యులు మమ్ములను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "పాలు, నీళ్ళు ఒకే యంత్రంలోకి పోతున్నాయి గదా, రెండూ కలిసిపోవా?" ఇది అడగవలసిన ప్రశ్నే.

పిదికిన పాల వేడి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. 4 డిగ్రీలకు దించితే అవి చావవుగాని వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది. కనుక పాలను ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మేలు.

ఇంట్లో కాచిన పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లారుస్తాము. వేడి గిన్నె గోడ గుండా నీళ్ళలోకి పోతుంది. నీళ్ళు పాలలో కలవవు. ప్లేట్ చిల్లరు సూత్రమూ ఇదే. గోడ బహు పలుచన, దాని వైశాల్యం ఎక్కువ, పాలూ నీళ్ళూ నిలవక పారుతుంటాయి. అందుచేత గంటల పని క్షణాలలో ముగుస్తుంది. పాల పాశ్చరీకరణ కోసం ఈ ప్లేట్ల పద్ధతిని ఇంగ్లండులో డాక్టర్ రిచర్డ్ సెలిగ్మన్ 1923లో ప్రవేశపెట్టారు.

ఇందలి ముఖ్య భాగాలు మూడు.

1. ప్లేట్లు: ఇవి సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించని స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు. వీటి ముడతలు పాలను సుడులు తిప్పి గోడకు తగిలేటట్లు చేస్తాయి; పలుచని రేకుకు బలమూ ఇస్తాయి. ఒక సందులో పాలు, పక్క సందులో నీళ్ళు ఎదురెదురుగా పారుతాయి. బయటికి పోయే పాలకు అన్నిటికంటె చల్లని నీరు ఎదురవుతుంది. ఆ కారణంగానే 1, 2 డిగ్రీల నీటితో పాలను 4 డిగ్రీలకు దించగలుగుతున్నాము.

2. గాస్కెట్లు: ఏ సందులోకి ఏది పోవలెనో నిర్ణయించే రబ్బరు పట్టీలివి. రంధ్రాల వద్ద రెండు వరుసలుండి, మధ్య ఖాళీ బయటికి తెరచి ఉంటుంది. పట్టీ పాడైతే కారినది నేల మీద పడుతుందేగాని అవతలి దానిలో కలవదు. కనుక ఫ్రేము క్రింది తడి ఒక హెచ్చరిక.

3. ఫ్రేము, బోల్టులు: తయారీదారు చెప్పిన కొలతకే బిగించాలి. కారుతున్నదని మించి బిగిస్తే ప్లేట్లు వంగి, గాస్కెట్లు చితికిపోతాయి.

ఇక లోపాలు. ప్లేట్లపై కొవ్వు, మాంసకృత్తులు, లవణాలు పొరగట్టితే వేడి దాటదు; పాలు వెచ్చగానే ట్యాంకరుకెక్కుతాయి. అవి డెయిరీ చేరేలోగా పులిస్తే ఆ నష్టం మనందరిదీ. అందుచేత పాలు అయిపోగానే ముందు మామూలు నీటితో కడగాలి. మొదటే మరిగే నీరు పోస్తే మాంసకృత్తులు అట్టగడతాయి. తరువాత వేడి కాస్టిక్ సోడా ద్రావణం, మళ్ళీ నీళ్ళు. లవణాల పొర ఉంటే పలుచని నైట్రిక్ ఆమ్లం, తిరిగి నీళ్ళు. ఆమ్లాన్ని, బ్లీచింగ్ ద్రావణాన్ని ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది.

రెండవది, ప్లేటుకు సూదిబెజ్జం పడడం. అప్పుడు గాస్కెట్లు కాపాడలేవు. నీటి ఒత్తిడి ఎక్కువైతే నీరు పాలలోకి, పాల ఒత్తిడి ఎక్కువైతే పాలు నీటిలోకి పోతాయి. కేంద్రం పాలలో ఎస్.ఎన్.ఎఫ్. తగ్గినపుడు సభ్యులు నీళ్ళు కలిపారని అనుకొనే ముందు, చిల్లరుకు ముందూ వెనుకా తీసిన నమూనాలను పోల్చి చూడడం న్యాయం. కడిగిన నీరు పూర్తిగా పోయిన తరువాతనే నమూనా తీయాలి.

చలి దేశాలలో ఇళ్ళను వెచ్చబరిచే అనేక బాయిలర్లలోనూ ఇట్టి చిన్న ప్లేట్ల కట్ట ఉండి, బాయిలరు నీటి వేడితో కుళాయి నీటిని కాస్తుంది. దాని ప్లేట్లను సాధారణంగా రాగితో అతికిస్తారు. విప్పి చూడడానికి వీలుండదు. మన చిల్లరును విప్పవచ్చు. ఆ సదుపాయాన్ని వాడుకోవాలి.

పాలకవర్గ సభ్యులు కేంద్రానికి వెళ్ళినపుడు మూడు సంగతులు విచారించవలసినదిగా కోరుతున్నాము: బయటికి వచ్చే పాల వేడి ఎంత? ఫ్రేము క్రింద తడి ఉన్నదా? ప్లేట్లు విప్పి చూచినది ఎప్పుడు?