వరుస తప్పుతుంది, తనిఖీ తప్పదు: విమానాశ్రయ రుసుముల చుట్టూ అపోహలు – వాస్తవాలు

అమెరికా విమానాశ్రయాలలో ముందుగా కొంత రుసుము చెల్లించినవారికి భద్రతా తనిఖీ ఉండదని, ఆన్‌లైన్‌లో నాలుగు వివరాలు నింపి కార్డు నంబరు ఇచ్చిన మరుక్షణం నుంచి నేరుగా విమానం దాకా నడిచిపోవచ్చని ఒక నమ్మకం ప్రయాణికులలో బాగా పాతుకుపోయింది. ఇది వట్టి అజ్ఞానంగా మిగిలిపోయి ఉంటే పట్టించుకోవలసిన పని ఉండేది కాదు. కానీ ఈ నమ్మకాన్ని ఆసరా చేసుకుని ప్రభుత్వ వెబ్‌సైట్లను అచ్చంగా పోలిన నకిలీ సైట్లు పుట్టుకొచ్చాయి; వాటిలో దరఖాస్తు చేసినవారు డబ్బు పోగొట్టుకోవడమే కాక, పుట్టిన తేదీ, చిరునామా, గుర్తింపు పత్రాల వివరాలు కూడా తమ చేతులతోనే మోసగాళ్లకు అప్పగిస్తున్నారు. వినియోగదారుల ప్రయోజనాలను కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మోసం గురించి బహిరంగంగానే హెచ్చరించింది. అయినా చదువుకున్నవారు, అందునా కంప్యూటర్ల మీదే జీవనం సాగించేవారు సైతం ఇందులో చిక్కుకోవడానికి కారణం మోసగాళ్ల నైపుణ్యం కన్నా, డబ్బు కడితే తనిఖీ తప్పుతుందన్న మూల విశ్వాసమే.

ఆ విశ్వాసం ఎక్కడ తప్పో తెలియాలంటే తనిఖీ కేంద్రంలో జరిగే పనిని మూడుగా విడదీసి చూడాలి. మొదటిది వరుసలో నిలబడడం. రెండవది టికెట్టు కొన్న మనిషీ వచ్చిన మనిషీ ఒకరేనని గుర్తింపు పత్రంతో నిర్ధారించడం. మూడవది ఒంటినీ సంచులనూ యంత్రాలతోనూ చేతులతోనూ పరీక్షించడం. డబ్బుకు దొరికే సదుపాయాలన్నీ మొదటి రెండింటిని తగ్గించేవో, మూడవదానిని కొంత సడలించేవో మాత్రమే. మూడవదానిని పూర్తిగా తీసివేసే సదుపాయం ప్రయాణికుడికి ఏ ధరకూ దొరకదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, అదే సంవత్సరం నవంబరులో చేసిన చట్టంతో ఏర్పడిన రవాణా భద్రతా సంస్థ, అనగా టీఎస్‌ఏ, ఈ మూడవ పనికి బాధ్యత వహిస్తుంది. తనిఖీనే అమ్ముకునే సంస్థ అయితే దానిని స్థాపించవలసిన అవసరమే ఉండేది కాదని నకిలీ సైట్లకు కార్డు నంబరు ఇచ్చేవారికి తట్టకపోవడం ఆశ్చర్యం.

టీఎస్‌ఏ 2011లో ప్రారంభించి, 2013 డిసెంబరులో రుసుముతో కూడిన దరఖాస్తు పద్ధతిలో సామాన్య ప్రయాణికులకు తెరిచిన పథకం పేరు ప్రీచెక్. అయిదేళ్ల సభ్యత్వానికి, నమోదు చేసే సంస్థను బట్టి, సుమారు 77 నుంచి 85 డాలర్ల దాకా తీసుకుంటారు. ఈ డబ్బుతో దరఖాస్తుదారు కొనుక్కునేది వరుసలో చోటు కాదు, తన నేపథ్యం మీద ప్రభుత్వ విచారణ. నమోదు కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, గుర్తింపు పత్రాలు చూపాలి. ఆ వేలిముద్రలను నేర చరిత్ర రికార్డులతో సరిచూస్తారు. గూఢచర్యం, దేశద్రోహం, ఉగ్రవాదం, హత్య వంటి నేరాలకు శిక్షపడినవారిని శాశ్వతంగా, మరికొన్ని నేరాలకు శిక్షపడినవారిని కొన్నేళ్లపాటు అనర్హులుగా పరిగణిస్తారు. దరఖాస్తు తిరస్కరించినా రుసుము వెనక్కి రాదు, ఎందుకంటే అది ఫలితానికి కాక పరిశీలనకు చెల్లించిన మొత్తం. అంటే తనిఖీ ఇక్కడ రద్దు కావడం లేదు, దానిలో కొంత భాగం విమానాశ్రయం నుంచి వేలిముద్రల కేంద్రానికి ముందుగా జరుగుతున్నది. పూర్వచరిత్ర తెలిసినందువల్లనే ఆ వ్యక్తి ల్యాప్‌టాప్‌ను, ద్రవపదార్థాల సంచిని బయటికి తీయకుండా, బెల్టు విప్పకుండా వెళ్లడానికి అనుమతిస్తారు. యంత్రం గుండా నడవడం, సంచిని ఎక్స్‌రేకు అప్పగించడం అతనికీ తప్పదు.

నకిలీ సైటును పట్టించే లక్షణం కూడా ఈ ప్రక్రియలోనే ఉన్నది. ప్రీచెక్‌కు మొదటిసారి దరఖాస్తు చేసేవారు ఆన్‌లైన్‌లో వివరాలు నింపి, కేంద్రానికి వెళ్లే సమయం ఖరారు చేసుకోవచ్చు గాని, డబ్బు మాత్రం కేంద్రంలోనే చెల్లిస్తారు. అందుచేత మొదటి దరఖాస్తుకే ఆన్‌లైన్‌లో రుసుము అడిగిన సైటు ఎంత అందంగా ఉన్నా, దాని మీద గద్ద బొమ్మ ఎంత ఠీవిగా ఉన్నా, అది మోసమే. సభ్యత్వం పునరుద్ధరించుకునేటప్పుడు ఆన్‌లైన్ చెల్లింపు ఉంటుంది. గ్లోబల్ ఎంట్రీ అనే వేరొక పథకానికి మొదటి దరఖాస్తులోనే ఆన్‌లైన్‌లో చెల్లించాలి. ఈ తేడా తెలియనివారి అయోమయమే మోసగాళ్లకు పెట్టుబడి. పునరుద్ధరణ గడువు దగ్గరపడిందంటూ వచ్చే ఈమెయిల్‌లోని లంకెను నొక్కడం కన్నా, చివర డాట్ గవ్ అని ఉండే టీఎస్‌ఏ అధికారిక చిరునామాను స్వయంగా టైపు చేసి, అక్కడి నుంచే ముందుకు వెళ్లడం క్షేమం. వెతుకుడు యంత్రం మొదట చూపేది చాలాసార్లు డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన అన్న సంగతి ఈ కాలంలో వేరే చెప్పనక్కరలేదు.

సభ్యత్వం వచ్చినంత మాత్రాన ప్రతి ప్రయాణంలోనూ సడలింపు దొరుకుతుందన్నది పై అపోహకు కొనసాగింపు. ఆమోదం పొందినవారికి తెలిసిన ప్రయాణికుడి సంఖ్య ఒకటి ఇస్తారు. టికెట్టు కొనేటప్పుడు ఆ సంఖ్యను నమోదు చేస్తేనే, అదీ పేరు, పుట్టిన తేదీ సభ్యత్వ వివరాలతో సరిపోలితేనే, బోర్డింగ్ పాసు మీద ప్రీచెక్ గుర్తు ముద్రితమవుతుంది. ఆ గుర్తు లేని బోర్డింగ్ పాసుతో వచ్చి సిబ్బందితో వాదించడం వృథా శ్రమ. తెలుగువారికి ఈ విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్నవారికి అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో మొదటి పేరు తెలియదన్న అర్థం గల ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు చేరతాయి. సభ్యత్వంలో ఒక తీరుగా, టికెట్టులో మరొక తీరుగా పేరు ఉంటే సంఖ్య పనిచేయదు. కనుక రెండుచోట్లా పేరును ఒకే విధంగా రాయించుకోవాలి, తేడా ఉంటే ప్రయాణానికి ముందే విమాన సంస్థ చేత దిద్దించుకోవాలి. అన్నీ సరిపోలినా కొన్నిసార్లు యాదృచ్ఛికంగా సాధారణ వరుసకు పంపుతారు. బోర్డింగ్ పాసు మీద నాలుగు ఎస్ అక్షరాలు వరుసగా వచ్చినవారికి అదనపు తనిఖీ కూడా జరుగుతుంది. ఎవరు ఎప్పుడు తప్పించుకోగలరో ముందే తెలిసిపోయే తనిఖీ భద్రత అనిపించుకోదు గనుక ఈ అనిశ్చితిని కావాలనే ఉంచారు.

తనిఖీ తేలికైనదని భ్రమించి సంచిలో ఏముందో చూసుకోకుండా వచ్చేవారికి మరొక నష్టం పొంచి ఉన్నది. 2023లో అమెరికా తనిఖీ కేంద్రాలలో పట్టుబడిన తుపాకుల సంఖ్య 6,737; వాటిలో 93 శాతం గుళ్లు నింపినవి. తుపాకీతో దొరికిన ప్రీచెక్ సభ్యుడు వేల డాలర్ల జరిమానాతో పాటు అయిదేళ్ల వరకు సభ్యత్వాన్నీ కోల్పోవచ్చు.

ఇక ఒక అపోహ దగ్గర మాత్రం కొంత తగ్గక తప్పదు. డబ్బున్నవారిని తెచ్చి సామాన్యుల ముందు నిలబెడుతున్నారన్న ఫిర్యాదును టీఎస్‌ఏకు అంటగట్టడం తప్పే అయినా, ఫిర్యాదు మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. క్లియర్ అనే ప్రైవేటు సంస్థ ఏడాదికి సుమారు 200 డాలర్లు తీసుకుని, కళ్లు, వేలిముద్రలు, ముఖం ఆధారంగా తన సభ్యులను గుర్తించి, గుర్తింపు పత్రాల వరుసను దాటించి తనిఖీ యంత్రాల ముందుకు చేరుస్తుంది. అక్కడి నుంచి తనిఖీ అందరికీ ఒకటే; ప్రీచెక్ కూడా లేని సభ్యుడు ల్యాప్‌టాప్ తీయవలసిందే. కానీ సంస్థ ఉద్యోగి వెంటబెట్టుకుని తెచ్చిన సభ్యుడు, ముప్పావు గంటగా నిలుచున్నవారి ముందుకు వచ్చి చేరడం కళ్లకు కనబడే సత్యం. 2024లో కాలిఫోర్నియా శాసనసభలో సెనేటర్ జాష్ న్యూమన్ ఇటువంటి సంస్థలు తమ సభ్యులకు విడిగా తనిఖీ వరుస ఏర్పాటు చేసుకోవాలని బిల్లు ప్రవేశపెట్టారు, అది కమిటీ దశ దాటలేదు. ఇది భద్రతకు మినహాయింపు కాదు, వరుసలో చోటుకు వెల. ఆ వెల న్యాయమైనదా అన్నది వేరే ప్రశ్న, దానికి టీఎస్‌ఏ నిబంధనలలో జవాబు దొరకదు. శరీర చిహ్నాలను ప్రైవేటు సంస్థకు అప్పగించేవారు తెలుసుకోవలసిన చరిత్ర కూడా కొంత ఉన్నది: ఈ పేరుతో మొదట నడిచిన సంస్థకు చెందిన, సంకేతీకరణ లేని ల్యాప్‌టాప్ ఒకటి 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో మాయమై, సుమారు 33,000 మంది దరఖాస్తుదారుల వివరాలు బయటపడే ప్రమాదం ఏర్పడింది, మరుసటి ఏడాది ఆ సంస్థ మూతపడగా, 2010లో కొత్త యజమానులు కొని తిరిగి నిలబెట్టారు.

చిన్నాచితకా నమ్మకాల మీద ఎక్కువ సేపు నిలవనక్కరలేదు. మొదటి తరగతి టికెట్టు ఉన్నవారికి తనిఖీ తక్కువగా ఉండదు, వరుస మాత్రమే పొట్టిగా ఉంటుంది. మాంచెస్టర్, స్టాన్‌స్టెడ్ వంటి బ్రిటన్ విమానాశ్రయాలు కొన్ని పౌండ్లకు అమ్మే ఫాస్ట్ ట్రాక్ కూడా అంతే. క్రెడిట్ కార్డు సంస్థ ప్రీచెక్‌ను ఉచితంగా ఇవ్వదు, ఆమోదంతో నిమిత్తం లేకుండా రుసుమును తిరిగి చెల్లిస్తుంది. 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు వేరే ప్రీచెక్ కొననక్కరలేదు, సభ్యులైన తల్లిదండ్రుల వెంట వారు అదే వరుసలో వెళ్లవచ్చు. 2025 జులైలో బూట్లు విప్పే నిబంధనను అందరికీ ఎత్తివేసిన తరువాత, బూట్ల కోసమే ప్రీచెక్ తీసుకోవాలనుకునేవారికి ఆ కారణం కూడా మిగలలేదు. సియాటిల్ విమానాశ్రయంలో స్పాట్ సేవర్ పేరుతో తనిఖీ సమయాన్ని ముందుగా రిజర్వు చేసుకునే సదుపాయానికి రుసుమే లేదు. ఇది తెలియక డబ్బు పోసేవారు అక్కడి తెలుగువారిలోనూ ఉండవచ్చు.

హెచ్1బి వంటి వీసాల మీద ఉన్న భారతీయులు గ్రహించవలసిన అసలు సంగతి ఏమిటంటే, ప్రీచెక్‌కు నేరుగా దరఖాస్తు చేసే అర్హత అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఉన్నదే గాని వారికి లేదు. వారికి దారి గ్లోబల్ ఎంట్రీ. విదేశాల నుంచి అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ వరుసను తగ్గించే ఈ పథకంలో 2017 జులై నుంచి భారత పౌరులు చేరవచ్చు. ఇందులో సభ్యత్వం ఉంటే ప్రీచెక్ దానితోనే వస్తుంది. 2024 అక్టోబరు నుంచి రుసుము 120 డాలర్లు, గడువు అయిదేళ్లు. అధికారితో ముఖాముఖి ఉంటుంది. భారత పౌరుల విషయంలో స్వదేశంలోనూ నేపథ్య విచారణ జరుగుతుంది గనుక నెలలు పట్టవచ్చు, వచ్చే వారం ప్రయాణం పెట్టుకుని ఈ వారం దరఖాస్తు చేయడంలో అర్థం లేదు. తెచ్చుకున్న సభ్యత్వాన్ని నిలుపుకోవడం మరొక పని. ఊరి నుంచి వచ్చే సూట్‌కేసులో అమ్మ సర్దిన పచ్చి కరివేపాకు అమెరికాలో నిషిద్ధ వస్తువు, ఎందుకంటే నిమ్మజాతి చెట్లను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. అటువంటి వ్యవసాయ పదార్థాన్ని కస్టమ్స్ పత్రంలో చెప్పకుండా తెచ్చి పట్టుబడినవారి గ్లోబల్ ఎంట్రీని, దానితో పాటు ప్రీచెక్‌ను రద్దు చేసే అధికారం అధికారులకు ఉన్నది. కాబట్టి తెచ్చిన ప్రతి తినుబండారాన్నీ ముందే చెప్పడం, కరివేపాకును అసలు తేకపోవడం ఉత్తమం.

ఇదే అపోహ ఇటీవల స్వదేశానికీ పాకి, డిజియాత్ర అంటే తనిఖీ తప్పించే చెల్లింపు సేవ అన్న రూపం ధరిస్తున్నది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాలలో మొదలై, తరువాత హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలకు విస్తరించిన డిజియాత్ర, ముఖాన్ని గుర్తించి దేశీయ ప్రయాణికులను ద్వారాల దగ్గర పత్రాలు చూపే పని లేకుండా లోపలికి పంపుతుంది. ఆ తరువాత సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది చేసే తనిఖీ యథాతథంగా ఉంటుంది. భారత పౌరులకు, ఓసీఐ కార్డు ఉన్నవారికి ఇమిగ్రేషన్‌ను వేగంగా ముగించే కేంద్ర హోం శాఖ పథకం 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాదుకూ వచ్చింది, అయితే దానికీ భద్రతా తనిఖీకీ సంబంధం లేదు. డిజియాత్రకు గాని, ఈ పథకానికి గాని ప్రస్తుతం రుసుము లేదు. వీటిలో నమోదు చేయిస్తామంటూ డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.