మూత్రపిండములు చేయు పని

మూత్రపిండము లనగా రక్తమును వడకట్టు గుడ్డల వంటివని మనము సాధారణముగా చెప్పుకొందుము. ఆ మాట సగము మాత్రమే నిజము. వడకట్టినదాని నుండి కావలసినదానిని తిరిగి రాబట్టుటయే వాని అసలు నేర్పు.

ఈ పిండములు రెండును నడుముకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున, పిడికెడంత ఉండును. గుండె నిమిషమునకు పంపు రక్తములో ఇంచుమించు ఐదవ వంతు వీనికే చేరును. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రానులను సూక్ష్మ నిర్మాణములు గలవు. ప్రతి నెఫ్రాను మొదట కేశనాళికల చిన్న కుచ్చు, దాని వెంట మెలికలు తిరిగిన సన్నని గొట్టము ఉండును. రక్తపు ఒత్తిడికి నీరు, లవణములు, చక్కెర, యూరియా కుచ్చు గోడల గుండ గొట్టములోనికి దిగును. రక్తకణములు, మాంసకృత్తులు దాటలేక రక్తమునందే నిలుచును.

ఇట్లు దిగు ద్రవము దినమునకు 180 లీటర్లు! అదంతయు బయటికి పోయినచో అరగంటలోపలనే రక్తమందలి ద్రవభాగము హరించిపోవును. కాని అట్లు జరుగదు. భోగి పండుగకు ముందు గృహిణి సామానంతయు పెరటిలో పెట్టి, కావలసినవి తిరిగి లోనికి చేర్చి, పనికిరానివానిని విడిచిపెట్టును గదా! గొట్టములు చేయునదియు అదియే. ఆరోగ్యవంతులయందు చక్కెరను దాదాపు పూర్తిగను, నీటిని నూటికి 99 పాళ్లును రక్తమునకు మరల అప్పగించును. యూరియా, అధికమైన లవణములు, ఆమ్లము మిగిలిన లీటరు, లీటరున్నర నీటిలో కలిసి మూత్రమగును. వేసవిలో చెమట పట్టి ఒంటిలో నీరు తగ్గినపుడు, పిట్యూటరీ గ్రంథి విడుచు హార్మోను వలన గొట్టములు మరింత నీటిని నిలుపుకొనును. మూత్రము తక్కువై, పచ్చబడుట అందువలననే.

ఈ పిండములు చెడుచున్నను చాలమందికి నొప్పి తెలియదు. చెడిన నెఫ్రానుల పనిని మిగిలినవి తమపై వేసికొనును. సగమునకు పైగా శక్తి నశించువరకు రోగికి ఏ లక్షణమును కానరాకపోవచ్చును. నశించిన నెఫ్రాను మరల పుట్టదు. మధుమేహము, రక్తపుపోటు దీనికి ముఖ్యకారణములు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కొబ్బరి జీడి తోటల నడుమ, ఆ రెండును లేనివారిని సైతము ఈ వ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణ మింకను నిర్ధారణ కాలేదు.

మూత్రమున మాంసకృత్తి విడువక కానవచ్చుట, వడకట్టు గుడ్డ చిరుగుచున్నదనుటకు తొలి సూచన. కావున మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏటేట మూత్రమును, రక్తమందలి క్రియాటినిన్‌ను పరీక్ష చేయించుకొనవలెను. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక దినదినము మ్రింగరాదు. బాధ తెలిసిన పిమ్మట చూచుకొందమనుట ఈ వ్యాధి విషయమున చెల్లదు.