లకుముకి పేరు గల మొక్క

మా అమ్మాయి దక్షిణ ఇంగ్లండులో కాపురమున్నది. రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో నేను వారింట ఆరు వారాలు గడిపినాను. ఆ యింటి పెరడు ఉత్తరపు గోడ నీడలో ఉన్నది. అక్కడ గులాబి పూయదు, బంతి నిలువదు. ఆ నీడలోనే ఒక మొక్క, పూలతో పని లేకుండ, ఆకులతోనే కన్నులపండువు చేస్తున్నది. ఆకు తమలపాకు పోలికదే గాని మరింత పెద్దది, దళసరిది. రంగును మాత్రం పచ్చ అనడానికి వీలులేదు. బూడిద కలసిన నీలం. పాదులో గ్రుచ్చిన చిన్న పలకమీద ‘హోస్టా – హాల్సియన్’ అని వ్రాసి ఉన్నది.

ప్రక్క ఇంటి వృద్ధురాలు తన దుబ్బును చీల్చి ఇచ్చిన పిలక అది. ఆ దుబ్బును ఆమె భర్త నాటినాడట. ఆయన గతించి మూడేండ్లయినది. నేను భాషోపాధ్యాయుడనని అమ్మాయి చెప్పగా ఆమె ఒకనాడు గోడ మీదుగా పలుకరించి, “ఈ పేరుకు అర్థమేమిటండీ? ఆయన ఉన్నప్పుడు అడగాలని తోచలేదు” అన్నది.

నాకు అర్థం తెలుసు. తెలిసినందువల్లనే నోరు రాలేదు. “ప్రశాంతమైన రోజులను ఆ మాటతో చెబుతారు గదా, అదేనండీ” అని తప్పించుకొన్నాను.

‘హాల్సియన్ డేస్’ అనే పలుకుబడి ఇంగ్లీషు పాఠాలలో మనకందరకూ తగిలినదే. మా పంతులుగారు ‘సుఖమయమైన దినములు’ అని చెప్పినారు, మేము వ్రాసినాము, మార్కులు వచ్చినవి. అర్థం తప్పని అనను. కాని ఆ మాటలో సుఖం పైపొట్టు మాత్రమే.

గ్రీకుల గాథలో ఆల్సియొనీ వాయువుల నేలే ఇయోలస్ కుమార్తె. భర్త సీయిక్స్ రాజు. అతడు దైవప్రశ్న కోసం సముద్రయానానికి సిద్ధమైనాడు. గాలుల స్వభావం పుట్టింట చూచి ఎరిగినది గనుక ఆమె వద్దని ప్రాధేయపడ్డది. అతడు వినలేదు. ఓడ తుపానులో మునిగినది. ఇది ఎరుగని ఆమె అతని క్షేమానికై దేవతను ప్రతిదినం వేడుకొంటూనే ఉన్నది. చనిపోయినవాని కోసం మ్రొక్కే మ్రొక్కును దేవత సహించలేక, స్వప్నదేవుణ్ణి సీయిక్స్ రూపంతో ఆమె కలలోకి పంపించినది. తెల్లవారి ఆమె తీరానికి పోగా అల మీద భర్త శవం ఒడ్డుకు వస్తున్నది. ఆమె నీటిపైకి దూకినది. దూకుతుండగనే పక్షి అయినది. దేవతలు దయదలచి అతణ్ణీ పక్షిని చేసినారు. రోమను కవి ఓవిడ్ తన ‘మెటమార్ఫొసెస్’ పదునొకండవ భాగంలో ఈ కథను విస్తరించి చెప్పినాడు. నడి చలికాలంలో, తుపానుల ఋతువులో, ఆ పక్షి సముద్రంపై తేలే గూటిలో పొదిగే కొద్దిరోజులు తండ్రి ఇయోలస్ గాలులను బంధించి ఉంచుతాడట. అవి హాల్సియన్ దినాలు. ఓవిడ్ 7 రోజులన్నాడు; అయనాంతానికి ఇటు ఏడు, అటు ఏడు, 14 అనే లెక్క కూడ కలదు.

క్రౌంచ మిథునం జ్ఞప్తికి రాని తెలుగువాడుండడు. అక్కడ పక్షి శోకం మనిషిని కవిని చేసినది. ఇక్కడ మనిషి శోకమే పక్షి అయినది. రెండింటిలో ఏది గొప్పదని నన్నడిగితే చెప్పలేను. నిఘంటువులో ‘సుఖం’ అని ఒక్క మాట వ్రాసి ఊరుకొనే మన అలవాటు మాత్రం నాకు నచ్చదు.

ఇక మొక్క సంగతి. హోస్టాలు చైనా, జపాను, కొరియా దేశాలవి. ఆస్ట్రియా చక్రవర్తికి వైద్యుడైన హోస్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞుని పేరు వాటికి 1812లో పెట్టినారు. జపానువారు మొగ్గను చూచి, వంతెన కమ్మీల మీది ఉల్లిగడ్డ వంటి కలశం పేరు పెట్టి ‘గిబోషి’ అన్నారు. తెల్లపూల జాతిని చైనావారు ‘పచ్చరాతి జడసూది’ అన్నారు. ఎంత చక్కని పేరు! ఈ హాల్సియన్ మాత్రం ఎరిక్ స్మిత్ అనే ఆంగ్ల ఉద్యానకారుని సృష్టి. అతడు సంకరపరచిన రెండింటిలో ఒకటి వేసవిలో పూసేది, మరొకటి శరత్తులో పూసేది. మామూలుగా వాటికి కలయిక లేదు. 1961లో వేసవి జాతి మొక్క ఒకటి కాలం తప్పి పూయగా ఆ అదను పట్టుకొన్నాడు. కాలం కాని కాలాన వచ్చిన శాంతికి పెట్టిన పేరే, కాలం కాని కాలాన పూసిన పూవు సంతతికి దక్కినది. ఇది అతడు తలచి చేసినాడని అనను. నాకు తోచినది చెప్పినాను.

ఆ నీలం కూడ నిజానికి ఆకుది కాదు. పచ్చని ఆకుపై మైనపు పొడి పూత ఉన్నది. బొటనవ్రేలితో తుడిస్తే పచ్చదనం బయట పడుతుంది. మన చెరువు గట్లమీద, కరెంటు తీగలమీద కూర్చొనే ఎర్ర ముక్కు, తెల్లరొమ్ము లకుముకిపిట్ట నీలమూ అటువంటిదే. అందులో నీలిరంగు పదార్థం లేదు, ఈక నిర్మాణం వెలుగును విరజిమ్మే తీరు అది. ఈ పిట్టకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘హాల్సియన్ స్మిర్నెన్సిస్’. ఆల్సియొనీ మన ఊరి చెరువు మీదనే ఉన్నది! అయితే అది సముద్రంపై గూడు కట్టదు. మట్టిగట్టులో బొరియ త్రవ్వుకొంటుంది. మొక్క మాత్రం మనకు రాదు. చలికాలపు నిద్ర లేనిదే హోస్టా బ్రతుకదు; ఆ నిద్ర మన ఎండలు దానికి ఇవ్వలేవు.

ప్రయాణానికి ముందురోజు మనసు ఊరుకోలేదు. ఆమె పెరటిలోకి పోయి కథ అంతా చెప్పినాను. కల దగ్గర నా గొంతు తడబడ్డది. ఆమె నిలబడే విన్నది.

“ఎన్ని రోజులన్నారు?”

“ఏడంటారు, పద్నాలుగంటారు.”

ఆమె తల ఊపి, వంగి, ఆకు క్రిందినుండి ఒక నత్తను తీసి దూరంగా వేసినది. తరువాత నన్ను టీ త్రాగి వెళ్ళమన్నది.