బాక్టీరియా కడుపున చిట్టెలుక ఎంజైము

పరిశోధనశాలలకు సరకులు పంపు వ్యాపారుల పట్టికలలో "పునస్సంయోజిత మూషిక ఎంజైము" అను మాట తరచుగా కనబడును. చూచినవారికి రెండు సందేహములు కలుగుట సహజము. ఎలుక ఎంజైమును ఎలుకనుండి తీయక బాక్టీరియానుండి తీయుటేల? తీసినదానితో ప్రయోజనమేమి? ఇట్టి ఎంజైములలో తొలితరమునకు చెందిన ఒకదాని వృత్తాంతము చెప్పినచో రెంటికిని సమాధానము దొరకును. ఇందులో మన భీమవరమువారొకరి పాత్రయు గలదు.

దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్. మైక్రోఫోను ముందు ఈ పేరు చదువవలసి వచ్చినచో మేమును ముందుగా రెండు మూడుమార్లు వల్లెవేసికొందుము! కణము రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.ను రెండింతలు చేసికొనవలెను. అందులకు వలయు థైమీను అను దినుసు తయారగునపుడెల్ల, ఆకుకూరలలో లభించు ఫోలేటు అను విటమిను తాను మోసికొనివచ్చిన సరకు నప్పగించి వట్టిదగును. ఏతపు బాన నీరు కుమ్మరించిన పిమ్మట మరల నూతిలోనికి దిగి నిండవలెను గదా! వట్టిపోయిన ఫోలేటునకు హైడ్రోజనును చేర్చి తిరిగి పనికి సిద్ధపరచునది ఈ ఎంజైమే. ఇది ఆగినచో కణవిభజన ఆగును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. పిదప, చూపునకు దానివలెనే యుండి దాని పని చేయని అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు దానినిచ్చి, 10 మందికి గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. కాని ఆ గుణము నిలువలేదు; వ్యాధి తిరుగబెట్టెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. ఆ మందు కట్టివేయునది ఈ ఎంజైమునే యని 1950ల చివరకు గాని స్పష్టపడలేదు.

వ్యాధి తిరుగబెట్టుటేల? కారణములలో నొకటి 1978లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రాబర్ట్ షిమ్కీ బృందమునకు చిక్కినది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటును ఎలుక కాన్సరు కణములకు కొద్దికొద్దిగా హెచ్చించుచు ఇచ్చినపుడు, బ్రతికి బయటపడిన కణములు ఆ ఎంజైము జన్యువును పదులుగా, వందలుగా పెంచుకొని యుండెను. మందు కొన్నింటిని కట్టివేసినను తక్కినవి పని సాగించుచుండెను.

శత్రువు చేసిన ఈ పనియే శాస్త్రజ్ఞులకు ఉపకరించెను. ఆ కణములలో ఎంజైమునకు సంబంధించిన సందేశవాహక ఆర్.ఎన్.ఏ. పుష్కలముగా నుండెను. అదే సంవత్సరము అనీ చాంగ్, స్టాన్లీ కోహెన్, షిమ్కీ మొదలగువారు దానికి డి.ఎన్.ఏ. ప్రతిని తయారుచేసి, ప్లాస్మిడ్ అను వలయాకారపు డి.ఎన్.ఏ.లో అతికి, ఇ. కోలై అను బాక్టీరియాలోనికి పంపిరి. ఈ అతుకునే పునస్సంయోజన మందురు. అయితే అసంఖ్యాకములైన బాక్టీరియాలలో ఎలుక ఎంజైమును నిజముగా తయారుచేయుచున్నవేవి? ఇచ్చట వారు పన్నిన యుక్తి మాకు మిక్కిలి నచ్చినది. ట్రైమెథోప్రిమ్ అను మందు బాక్టీరియా ఎంజైమును గట్టిగా బంధించును. ఎలుకదియు మనుష్యునిదియు దానికి లొంగుట వేలరెట్లు తక్కువ. ఆ మందు కలిపిన పళ్లెములలో పెంచగా మామూలు బాక్టీరియా పెరుగలేదు. ఎలుక ఎంజైమును పనిచేయు రూపమున తయారుచేసికొన్నవి పెరిగెను. బాక్టీరియా ప్రాణమును చిట్టెలుక సొత్తు కాచినదన్నమాట!

నేడు బాక్టీరియాను పెంచి ఇట్టి ఎంజైమును కావలసినంత తీయవచ్చును. ఎలుకల కాలేయములు సేకరింప బనిలేదు. పరీక్షయు సులభమే. ఎంజైము పనిచేయుచున్నంతసేపు 340 నానోమీటర్ల కాంతిని ద్రవము పీల్చుకొనుట తగ్గుచుండును. మందు దానిని ఆపినచో ఆ తగ్గుదలయు ఆగును. సూక్ష్మజీవులను చంపుటకు ఉద్దేశించిన క్రొత్త మందు వాటి ఎంజైమునే ఆపుచున్నదా, ఎలుక ఎంజైమును గూడ ఆపుచున్నదా యన్నది ప్రాణిపై ప్రయోగింపకముందే గాజుగొట్టములో తేలును. అయినను ఎలుక ఎంజైమునకును మన ఎంజైమునకును పోలిక పదింట తొమ్మిది పాళ్లు మాత్రమే. అందుచే మానవ ఎంజైముతోను అదే పరీక్ష మరల చేయుదురు. అదియు నేడు బాక్టీరియాలోనే తయారగుచున్నది.