ట్రాక్టరు ప్రమాదము జరిగినయెడల రైతు చేయవలసిన పనులు

హాలియా ప్రాంతమున సాగరు ఎడమకాలువ క్రింద వరికోతలు మొదలైనది మొదలు ధాన్యము అమ్ముడగువఱకు రోడ్డుమీద ట్రాక్టరులకు విరామముండదు. ఎడ్లబండి బోల్తాపడిన నష్టము చాలవఱకు ఆ యింటితోనే తీరెడిది. ట్రాక్టరు తగిలి పరుల ప్రాణము పోయినచో పరిహారభారము యజమానిపై బడి, పొలము అమ్మవలసిన గతి పట్టవచ్చును. ఆ భారమును మోయుటకే బీమా యున్నది. కాని ప్రీమియము కట్టినంతనే మన పని తీరలేదు. ప్రమాదము జరిగిన దినమున మనము నడచుకొను తీరునుబట్టి బీమా అక్కఱకు వచ్చుటయో, రాకపోవుటయో యుండును. కావున సభ్యులకు కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, పాఱిపోరాదు. గాయపడినవారికి వైద్యసహాయము సమకూర్చుట 1988 మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము డ్రైవరు విధి. 108కి ఫోను చేయవలెను. జనుల ఆగ్రహముచే అచట నిలువ వీలుకానిచో చట్టము మినహాయింపు నొసగినది. అట్టియెడ ఇంటికి గాక ఠాణాకు పోవలెను. 2025 మే నెలనుండి రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రులలో ఏడు దినములవఱకు, 1,50,000 రూపాయలకు మించకుండ, నగదు కట్టకయే చికిత్స చేయు ఏర్పాటు కలదు. డబ్బు లేదని ఆలస్యము చేయరాదు.

రెండవది, పోలీసులు అచట లేనిచో 24 గంటలలోపుగా సమీపపు ఠాణాలో తెలుపవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలును తీసికొని భద్రపఱచుకొనవలెను.

మూడవది, బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలియజేయవలెను. పాలసీ సంఖ్య, దాని గడువు, ప్రమాదము జరిగిన తేదీ, వేళ, స్థలము, గాయపడినవారి లేక మరణించినవారి వివరములు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరములు అందుండవలెనని అదే సెక్షను చెప్పుచున్నది.

నాల్గవది, బండిని కదలింపకమునుపే ఫోటోలు తీసికొనవలెను. చూచినవారి పేర్లు వ్రాసికొనవలెను. సర్వేయరు చూడకముందు మరమ్మతు చేయింపరాదు.

ఇక చేయరాని పనులు రెండు. ఊరి పెద్దలయెదుట కూర్చుండి, కంపెనీకి తెలుపకయే ఇంత సొమ్ము ఇత్తునని ఒప్పుకొనరాదు. కంపెనీ వ్రాతపూర్వక సమ్మతి లేని రాజీ పాలసీ షరతులకు విరుద్ధము. లైసెన్సు లేని తమ్ముడు నడుపగా, లైసెన్సు గల అన్న పేరు చెప్పుట మఱింత ప్రమాదకరము. అబద్ధము బయటపడినప్పుడు బీమా సొమ్ము రాకపోగా అన్నదమ్ము లిరువురును నేరమున చిక్కుదురు.

పైవన్నియు సరిగా జరిపినను బీమా ఆదుకొనని సందర్భ మొకటి కలదు. 2018 ఏప్రిల్ నెలలో మనకు చేరువనున్న పెద్దఅడిశర్లపల్లి మండలము వద్దిపట్ల యొద్ద కూలీల ట్రాక్టరు ఎ.ఎం.ఆర్.పి. కాలువలో పడి తొమ్మిదిమంది స్త్రీలు మరణించిరి. అదే సంవత్సరము జూనులో వలిగొండ మండలము వేములకొండ యొద్ద మఱియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. నాట్లకును, మిరప ఏరుటకును కూలీలను ట్రాలీలో నెక్కించుట మనలో వాడుక. కాని ట్రాలీ సరుకుల కొఱకే గాని మనుష్యుల కొఱకు గాదు. వ్యవసాయపు పాలసీ అందు కూర్చున్నవారికి సాధారణముగా వర్తింపదు. అప్పుడు చనిపోయినవారి బిడ్డలకు పరిహారము దొరకుట కష్టము. యజమాని పొలమునకును ముప్పు తప్పదు. ఆటో కిరాయి ఎంత యైనను దానికంటె తక్కువయే.

కావున సభ్యులు ఈ రాత్రియే పాలసీ కాగితము తీసి మూడు సంగతులు చూచుకొనవలెను. గడువు దాటినదా? ట్రాలీ సంఖ్య అందు చేరియున్నదా? బండి నడుపువాని లైసెన్సు చెల్లుబాటులో నున్నదా? ఆ కాగితముల నకళ్లను ట్రాక్టరు పెట్టెలో నొకటి, ఇంట నొకటి యుంచుకొనవలెను. చదువురానివారు ఇరుగుపొరుగువారిచేనైనను చదివించుకొనవలెనని మా ప్రార్థన. పంటకు నీరు వదలుటకు ముందే గట్టు చూచుకొను రైతునకు ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు.