గీతలు నిండుగా వున్నా...

హైదరాబాదునుంచి శ్రీశైలం వెళ్ళేవారికి తుక్కుగూడ తెలియని వూరు కాదు. అవుటర్ రింగు రోడ్డు అక్కడే శ్రీశైలం రోడ్డును దాటుతుంది. అటు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. వాటి హాస్టళ్ళలో వుంటున్నది మన పిల్లలే. ఫీజు కట్టడం, పరీక్ష ఫలితం, స్కాలర్‌షిప్ దరఖాస్తు అన్నీ ఇప్పుడు ఫోనులోనే కదా! గడువు ముగిసే రాత్రి, హాస్టలు గదిలో కూర్చున్న అమ్మాయి ఫోనులో వైఫై గీతలు నిండుగానే వుంటాయి. దరఖాస్తు మాత్రం కదలదు. "నెట్టు రావటం లేదే అమ్మా!" అని ఇంటికి ఫోను చేస్తుంది. ఇంతకూ లోపం ఎక్కడ?

ఆ గీతలు చెప్పేది ఒక్కటే: వైఫై పెట్టె గొంతు మీ ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తున్నదీ అని. మీ వంతు ఎప్పుడు వస్తుందో అవి చెప్పవు. వైఫై వీధి కుళాయి వంటిది. నీళ్ళు ఎంత ధారగా వస్తున్నా, ముందు నలభై బిందెలుంటే ఆగవలసిందే.

ఈ చిక్కు కొత్తది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రంసన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపారు. ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడవచ్చు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడి, మళ్ళీ చెప్పుకోవాలి. ఆ పద్ధతిలో ఛానలు కాలంలో సుమారు 18 శాతానికి మించి ఉపయోగపడదని లెక్క తేలింది. అందుకే నేటి వైఫై యంత్రాలు ముందు విని, నిశ్శబ్దంగా వుంటేనే నోరు విప్పుతాయి. మర్యాద మంచిదే! కాని గదినిండా జనం వుంటే మర్యాదస్తులకు వంతు రాదు.

"మరో నాలుగు పెట్టెలు పెడితే సరి" అంటారు కొందరు. అది పొరపాటు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి ఒరుసుకోని ఛానళ్ళు సాధారణంగా మూడే: 1, 6, 11. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే కాపురం. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే గాని, ఆ తరంగాలకు గోడలు దాటే సత్తువ తక్కువ. పెట్టె శక్తి పెంచినా లాభం కొద్దే. దాని కేక ఫోనుకు వినిపిస్తుంది. ఫోను సన్నని గొంతు దానికి వినపడవద్దూ?

మరి చేయవలసిందేమిటి? నడవడం, కొలవడం. సిగ్నలును డీబీఎంలలో కొలుస్తారు. మైనస్ 67 వుంటే మాటలకూ, వీడియోకూ సరిపోతుంది. మైనస్ 80కి పడిపోతే తిప్పలే. మూడు తగ్గినప్పుడల్లా శక్తి సగమవుతుంది. కొలత మధ్యాహ్నం ఖాళీ హాస్టలులో కాదు, రాత్రి పిల్లలంతా గదుల్లో వున్నప్పుడు తీయాలి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే గనుక, జనం కూడా తరంగాలను మింగుతారు! ఏ పెట్టెమీద ఎన్ని ఫోన్లున్నాయి, ఎన్ని మాటలు మళ్ళీ చెప్పవలసి వస్తున్నది, వెనుకనున్న తీగ సరిగా వున్నదా అని రోజూ చూసుకోవాలి.

పిల్లలూ ఒక సాయం చేయవచ్చు. "నెట్టు రావటం లేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "మూడో అంతస్తు, చివరి గది, రాత్రి పది గంటలు" అని రాసి ఇస్తే మరమ్మతుకు దారి దొరుకుతుంది.

ఈసారి మీ అమ్మాయిని కాలేజీలో చేర్చడానికి వెళ్ళినప్పుడు "వైఫై వుందా?" అని అడిగి వూరుకోకండి. "రాత్రిపూట దాన్ని కొలిచేది ఎవరండీ?" అని కూడా అడగండి.